1989లో నాకు నచ్చిన సినిమాలు

యవ్వనంలో మరచిపోలేని సంవత్సరం ఏది, ఆ ఏడు వచ్చిన సినిమాల్లో ఏవి ఇష్టం అని అడిగారు. నాకు 1989. అప్పుడు హనుమకొండలో డిగ్రీ చదువుతున్నా.

ముందు చెప్పాల్సింది ‘శివ’. రామ్‌గోపాల్ వర్మ తొలి సినిమా, అక్టోబరులో వచ్చింది. అప్పటిదాకా తెరమీద కాలేజీ అంటే ఎక్కువగా పాటలు, ప్రేమలు, లెక్చరర్ మీద జోకులు. ఇందులో విద్యార్థి సంఘం ఎన్నికలు, వాటి వెనక బయటి రౌడీ, అతని వెనక రాజకీయ నాయకుడు. సంఘాల పోస్టర్లు, ధర్నాల మధ్య వరంగల్‌లో చదివినోళ్లకు అది కల్పితమనిపించలేదు. సైకిల్ చైన్ సీన్ గురించి అందరూ చెప్తరు గానీ నన్ను పట్టేసింది శబ్దం. ఫైట్లలో అడుగుల చప్పుడు, ఆయాసం విడివిడిగా వినిపిస్తాయి. స్టెడీకామ్ (కెమెరా మోస్తూ పరుగెత్తినా బొమ్మ అదరకుండా ఉంచే పరికరం) వాడటంతో పరుగెత్తేవాళ్ల వెంట కెమెరా కూడా ఉరికింది. ఆ రౌడీ భవానీగా రఘువరన్ గొంతు పెంచకుండానే భయపెట్టాడు. తెలుగులో అంతటి విలన్ మళ్లీ రాలేదనే నా నమ్మకం.

ఎండాకాలంలో ‘గీతాంజలి’. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే సినిమా. చావు దగ్గరపడ్డ ఇద్దరి ప్రేమ. మా ఓరుగల్లు ఎండలకు కాగుతుంటే, కెమెరామన్ పి.సి. శ్రీరామ్ తీసిన ఊటీ పొగమంచు కోసమే మళ్లీ వెళ్లిన దోస్తులున్నారు. రెండింటికీ ఇళయరాజానే సంగీతం.

సంక్రాంతికి వచ్చిన ‘అత్తకు యముడు అమ్మాయికి మొగుడు’ కూడా హాయిగా నవ్వించింది.

ఇప్పుడు చూసేవాళ్లు ‘శివ’తో మొదలుపెట్టండి, మంచి స్పీకర్లున్న చోట.