బూరుగు దూది సరే, తడిశాక ఎక్కడ పెడతావు?

చిట్టీ,

బాలానగర్ మెకానిక్ షెడ్ల గుంటల్లో నూనె తీయడానికి బూరుగు దూది మెత్తలు కుడతావట. "ఇంజినీరింగ్ చదివిస్తే దిండ్లు కుట్టుకుంటానంటోంది" అని మీ అమ్మ ఫోన్లో దెప్పింది, గొంతులో మాత్రం మురిపెమే. నాకూ గర్వంగానే ఉంది. కానీ తడిసిన మెత్తల సంగతి తలచుకుని రాత్రి నిద్ర పడితే ఒట్టు.

చిన్న జాగ్రత్తలు ముందు. మందుల షాపు దూది వద్దు, దాని మైనం తీసేస్తారు కాబట్టి నీళ్లే తాగుతుంది. బూరుగు పోగు లోపల బోలు, పైన మైనం, అందుకే నీటిని వదిలి నూనెను పట్టుకుంటుంది. వదులుగా ఉంటే తన బరువుకు 30 రెట్ల దాకా పీలుస్తుంది, కుక్కితే తగ్గుతుంది. మెత్త ఎంత పీల్చిందో తూచేముందు అరనిమిషం కారనివ్వు. సబ్బునీళ్లు కలిసి పాలలా తెల్లబడ్డ నూనె జోలికి పోకు, అది దూదికి చిక్కదు.

ఇక నా వెధవపని విను. 1988లో జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో కంప్రెసర్ గుంట నిండా నూనె తేలింది. నేను రంపపు పొట్టు చల్లించాను. మధ్యాహ్నానికి మెరుపు పోయింది, ఓనరు భుజం తట్టాడు. సాయంత్రానికి పొట్టు నీళ్లు తాగి నూనెతో సహా మునిగింది. దేవి తీసి, పన్నెండు గోనెసంచుల్లో నింపి వెనక గోడకు ఆనించాను. రేపు చూద్దాంలే అనుకున్నాను. ఆ రాత్రే వాన.

పొద్దున వెనక నాలా మీద నెమలిఈక రంగులు తేలుతున్నాయి. గట్టుమీద పాలమ్మే ఆమె గేదె కాలు ఎత్తిపట్టి కొంగుతో తుడుస్తోంది. మోకాలిదాకా నలుపు. తుడిచేకొద్దీ కొంగే నల్లబడుతోంది.
"ఏమయ్యా, మీదేనా ఇది?"
"కాదమ్మా" అన్నాను.
ఆ మాట ఇన్నేళ్లయినా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీ పిన్నికి కూడా. 2017లో ఎన్నూరు దగ్గర ఓడలు ఢీకొన్నప్పుడు జనం బకెట్లతో నూనె తోడుతుంటే, టీవీ ముందు నేనడిగింది ఒక్కటే: "ఆ బకెట్లు ఎక్కడ ఒంపుతున్నారు?" మీ పిన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

అందుకే చెబుతున్నా, తిడుతున్నాననుకోకు. మెత్త కుట్టకముందే తడిసినది ఎక్కడికి పోతుందో రాసిపెట్టుకో. నూనె పట్టిన గుడ్డలూ దూదీ 2016 నిబంధనల్లో ప్రమాదకర వ్యర్థాలు, చెత్తబండికి ఇవ్వకూడదు. అలాంటి వ్యర్థాలు తీసుకునే దుండిగల్ కేంద్రానికి ఎలా పంపాలో ముందే కనుక్కో. అప్పటిదాకా రేకుల కింద, మూతపెట్టి.

మూత బిగిసే డ్రమ్ములు రెండు దొరికాయి, శనివారం ఆటోలో వేసుకొస్తాను. పెట్రోలు వాసన కొట్టే గుంట దగ్గరికి నేనొచ్చేదాకా ఒక్కదానివే వెళ్లకు తల్లీ. వేళకింత తిను.

మీ బాబాయి