రిలేలో 11.2, విడిగా 12.3: మా అబ్బాయి అసలు స్పీడు ఏది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. విజయవాడలో పదో తరగతి చదువుతున్న మీ అబ్బాయి 100 మీటర్లు 12.3 సెకన్లలో పరిగెత్తాడు. అదే వారం 4×100 రిలేలో (నలుగురు బాటన్ అనే కర్రను చేతులు మార్చుకుంటూ తలా ఓ 100 మీటర్లు పరిగెత్తే పందెం) మూడో వాడిగా పరిగెత్తితే మీరు ఫోన్‌లో వీడియో తీశారు. బాటన్ చేతికి అందినప్పటి నుంచి తర్వాతి వాడికి ఇచ్చేదాకా లెక్కేస్తే 11.2 వచ్చింది. "11.2లో పరిగెత్తే పిల్లాడికి పీఈటీ సారు స్టార్టింగ్ నేర్పించకుండా రిలేలోనే పడేసి ఉంచుతున్నారా?" అని మీ అనుమానం.

రెండు అంకెలూ మీ వాడివేనండీ, రెండూ ఒకే పిల్లాడి వేగం. సారు దగ్గరికి గొడవకు మాత్రం వెళ్లకండి. సరిగ్గా ఇదే లెక్క వేసుకుని నలుగురిలో నవ్వులపాలైన వాణ్ణి కాబట్టి చెబుతున్నా.

1998లో గుంటూరులో నేను తొమ్మిదో తరగతి. స్కూల్ రిలే టీంలో రెండో లెగ్, అంటే రెండో వాడి వంతు, నాది. ఒకరోజు ప్రాక్టీసులో మా క్లాసువాడొకడు తన చేతి వాచీలోని స్టాప్‌వాచ్‌తో నాకు టైం తీశాడు. బాటన్ పట్టుకున్నప్పుడు నొక్కాడు, ఇచ్చేసినప్పుడు మళ్లీ నొక్కాడు. 10.4! ఇక ఆగుతానా? క్లాసులో చెప్పాను, ట్యూషన్‌లో చెప్పాను, ఇంట్లో చెప్పాను. మా నాన్న నమ్మి, ఆఫీసుకి ఒక పూట సెలవు పెట్టి మరీ సెలక్షన్స్‌కి వచ్చారు. అక్కడ 100 మీటర్ల హీట్‌లో ఎనిమిది మందిలో ఆరో వాణ్ణి. టైం 12.4. నాన్న ఏమీ అనలేదు, దార్లో చెరుకురసం ఇప్పించారు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ నా పేరు 'పాయింటు'. పది పాయింటు నాలుగు అన్నమాట.

మర్నాడు మా డ్రిల్లు మాస్టారు తిట్టలేదు. ఇద్దరు పిల్లల్ని రెండు జోన్ల (బాటన్ చేతులు మారాల్సిన హద్దుల) దగ్గర నిలబెట్టి, బాటన్ చేతులు మారిన చోట ఇటుక ముక్క పెట్టమన్నారు. మామూలుగా పరిగెత్తించారు. తర్వాత టేపు తెప్పించి, ఒక ఇటుక ముక్క నుంచి రెండో దాని దాకా కొలిపించారు. 88 మీటర్లు. "ఇదిరా నీ పది పాయింటు నాలుగు" అన్నారు. మొదటి వాడి నుంచి నేను జోన్ చివరికి వెళ్లాక బాటన్ అందుకుంటున్నాను, మూడో వాడికేమో జోన్‌లోకి అడుగు పెట్టగానే ఇచ్చేస్తున్నాను. నూరు మీటర్లు అనుకున్నది అసలు నూరే కాదు.

మీ వీడియోలో కూడా ముందు చూడాల్సింది ఇదే. ఇప్పటి నిబంధనల ప్రకారం 4×100లో ఎక్స్చేంజి జోన్ 30 మీటర్లు. మా రోజుల్లో 20 ఉండేది, దాని వెనక ఊపందుకోవడానికి ఇంకో 10. 2017 చివర్లో ఆ రెండూ కలిపేశారు. ఇప్పుడు 100, 200, 300 మీటర్ల గీతల్లో ప్రతిదానికీ 20 మీటర్ల ముందు జోన్ మొదలై, గీత దాటాక 10 మీటర్లకు ముగుస్తుంది. అంటే మూడో వాడు 180వ మీటరు దగ్గర అందుకోవచ్చు, 210 దగ్గరా అందుకోవచ్చు. ఇచ్చేటప్పుడు 280 దగ్గర ఇవ్వొచ్చు, 310 దగ్గరా ఇవ్వొచ్చు. లెక్కేయండి: బాటన్ వాడి చేతిలో ఉన్న దూరం 70 మీటర్లు కావచ్చు, 130 మీటర్లూ కావచ్చు! చేతి నుంచి చేతికి 11.2 అంటే, ఎక్కడ అందుకున్నాడో ఎక్కడ ఇచ్చాడో తెలియకుండా ఆ అంకెకు విలువే లేదు. లెగ్ టైం చూడాలంటే బాటన్ 200 మీటర్ల గీత దాటినప్పటి నుంచి 300 గీత దాటేదాకా చూడాలి, అప్పుడది ఎవరి చేతిలో ఉన్నా సరే. రిలేలో పరిగెత్తేది బాటన్ అనుకోండి, పిల్లలు దాన్ని మోసే కూలీలు.

సరే, గీత నుంచి గీతకు చూసినా 11.2 వచ్చిందే అనుకుందాం. అయినా ఆశ్చర్యం లేదు. 2009 బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 9.58 పరిగెత్తినప్పుడు మొదటి 20 మీటర్లకే 2.88 సెకన్లు పట్టింది. మిగతా 80 మీటర్లు 6.70లో లాగేశాడు. ఆ లెక్కన సగటున ఇరవై మీటర్లకు 1.7 సెకన్లు కూడా పట్టలేదు. అంటే నిలబడిన చోట నుంచి కదలడానికి, తుపాకీ శబ్దం విని ఒళ్లు స్పందించడానికి ప్రపంచంలో అందరికంటే వేగంగా పరిగెత్తినవాడికే సెకనుకు పైగా ఖర్చయింది. రిలేలో రెండు, మూడు, నాలుగో వాళ్లకు ఈ ఖర్చులో చాలా భాగం ఉండదు, గీత దగ్గరికి వచ్చేసరికే దౌడులో ఉంటారు. స్కూలు పిల్లల్లో ఆ తేడా ముప్పావు సెకను నుంచి సెకను దాకా, ఒక్కోసారి కాస్త ఎక్కువే కనిపిస్తుంది. 12.3లోంచి 1.1 తీసేయండి. మీ 11.2 వచ్చేసింది కదా!

పెద్దవాళ్ల టీముల్లో చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో జమైకా 36.84తో ప్రపంచ రికార్డు కొట్టింది. నాలుగుతో భాగిస్తే మనిషికి 9.21. పరిగెత్తిన నలుగురి జీవితకాలపు బెస్టులు చూడండి: నెస్టా కార్టర్ 9.78, మైకేల్ ఫ్రేటర్ 9.88, యొహాన్ బ్లేక్ 9.69, బోల్ట్ 9.58. మొత్తం 38.93. రిలే దానికంటే 2.09 సెకన్లు తక్కువ. మన దేశం సంగతీ అంతే. 2025 ఏప్రిల్‌లో చండీగఢ్‌లో గురిందర్‌వీర్, అనిమేష్ కుజూర్, మణికంఠ హోబ్లీధర్, అమ్లాన్ బోర్గొహైన్ కలిసి 38.69తో జాతీయ రికార్డు పెట్టారు. మనిషికి 9.67 పడింది. ఆ రోజుకి 100 మీటర్లలో జాతీయ రికార్డు 10.20. మన వాళ్లంతా ఒక్క పూటకి పది సెకన్ల లోపు వీరులైపోయారని ఎవరూ రాయలేదు కదా.

నలుగురి 100 మీటర్ల టైములు కూడి, అందులోంచి రిలే టైం తీసేస్తే వచ్చే అంకె ఉంది చూశారా, స్కూలు టీంకి అన్నిటికంటే పనికొచ్చేది అదే. మా టీం నలుగురివి 12.0, 12.1, 12.3, 12.4, మొత్తం 48.8. మొదట్లో రిలే 48.1లో పరిగెత్తేవాళ్లం. అంటే మిగిలింది 0.7 మాత్రమే. అందుకునేవాడు ఆగి, వెనక్కి తిరిగి, చెయ్యి చాపి నిలబడేవాడు, బస్సులో చిల్లర తీసుకుంటున్నట్టు. మాస్టారు నెల రోజులు మాతో ఒక్క పరుగు పందెం కూడా పెట్టించలేదు. పాదం వెంట పాదం వేసి వెనక్కి ఇరవై రెండు అడుగులు కొలిపించి, మట్టి మీద ముగ్గుతో గీత గీయించేవారు. వచ్చేవాడు ఆ గీత తొక్కగానే ఇవతలివాడు వెనక్కి చూడకుండా లగెత్తాలి. "పట్టు!" అని కేక వినపడితే చెయ్యి వెనక్కి చాచాలి. మొదటి వారమంతా బాటన్ కింద పడుతూనే ఉంది. ఇరవై రెండు కాస్తా ఇరవై నాలుగైంది, తర్వాత మళ్లీ ఇరవై మూడు. నెలాఖరుకి 46.9. తేడా 1.9కి పెరిగింది. ఎవడి కాళ్లకీ కొత్తగా వేగం రాలేదు, నా 100 మీటర్లు అప్పటికీ 12.4 లాగే ఉంది.

ఇక ఆ 12.3 సంగతి. చేతి వాచీతో తీసిందేనా? స్కూల్ మీట్ అంటే దాదాపు అదే అయి ఉంటుంది. ఈ మధ్య నేనే రెండు మూడు స్కూళ్ల మీట్లలో టైం కీపర్‌గా నిలబడుతున్నా, అందుకే అందులోని కిటుకులు తెలుసు. ఫినిష్ దగ్గర నిలబడ్డవాళ్లు స్టార్టర్ చేతిలోని క్లాపర్ (పందెం మొదలుపెట్టడానికి చప్పుడు చేసే చెక్కలు) రెక్కలు కలవడం కంటితో చూసి నొక్కాలి. చప్పుడు విని నొక్కితే, శబ్దం నూరు మీటర్లు దాటి రావడానికే దాదాపు 0.3 సెకన్లు పడుతుంది, పిల్లాడికి ఆ 0.3 ఫ్రీగా వచ్చేస్తుంది. ఒకే పిల్లాడికి మూడు వాచీలు పెడితే మూడు టైములు రావడం మామూలే, అప్పుడు మధ్యది తీసుకోవాలి. రెండు కలిస్తే ఆ రెండింటిదీ. చేతి టైమును పదో వంతుకు పైకి సవరించాలి, 12.31 అయినా 12.4 అని రాయాలి. చాలాచోట్ల కిందికి సవరించేస్తారనుకోండి, పిల్లలు బాధపడతారని! ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో పోల్చాలంటే 100 మీటర్ల చేతి టైముకు 0.24 కలపడం ఆనవాయితీ. అంటే మీ వాడి 12.3, పెద్ద మీట్‌లో 12.5కి దగ్గర. రిలే వీడియోకి ఇవన్నీ ఉండవు, కాబట్టి చేతి టైమునీ వీడియో టైమునీ పక్కపక్కన పెడితే తేడా ఇంకాస్త గందరగోళంగా కనిపిస్తుంది. మామూలు ఫోన్ వీడియోలో సెకనుకు 30 ఫ్రేములు. మీ వాడు ఒక ఫ్రేములో 30 సెంటీమీటర్లు కదిలిపోతాడు. గ్యాలరీలో ఏటవాలుగా కూర్చుని తీస్తే గీత ఎప్పుడు దాటాడో దేవుడికే తెలియాలి.

గాలి సంగతి కూడా ఉంది. మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2022లో కోజికోడ్‌లో హర్డిల్స్ 13.09లో పరిగెత్తితే, వెనక నుంచి గాలి సెకనుకు 2.1 మీటర్లు ఉందని జాతీయ రికార్డుగా లెక్కలోకి తీసుకోలేదు. పరిమితి 2.0. మన స్కూల్ మీట్లలో గాలి కొలిచే మీటరు నేనైతే ఎప్పుడూ చూడలేదు. రిలేలో ట్రాక్ అంతా చుట్టి వస్తారు కాబట్టి అసలు గాలి లెక్కే ఉండదు.

మూడో లెగ్ ఇచ్చారని చిన్నబుచ్చుకున్నట్టు రాశారు. 400 మీటర్ల ట్రాక్ మీద మూడో వాడు పరిగెత్తేది పూర్తిగా వంపులో. బాటన్ కుడి చేత్తో పట్టుకుని లోపలి గీతను అంటుకుని పోవాలి, పైగా అందుకోవడమూ ఇవ్వడమూ రెండూ రావాలి. చేతులు వణికే పిల్లాడికి ఆ చోటు ఇవ్వరండీ. మొదటి వాడు అందుకోనక్కర్లేదు, చివరి వాడు ఇవ్వనక్కర్లేదు. వంపులో కూడా 11.2 అంటే, దూరం నిజంగా నూరే అయితే, అది మెచ్చుకోదగ్గ విషయమే.

మరి స్టార్టింగ్ బలహీనమా కాదా అన్నది ఎలా తేలుతుంది? రిలే వీడియోతో తేలదు. 400 మీటర్ల ట్రాక్ దొరికే చోటు చూసుకోండి, సింథటిక్ అయితే ఇంకా మంచిది. 2019లో జాతీయ జూనియర్ అథ్లెటిక్స్ జరిగిన నాగార్జున యూనివర్సిటీ మీకు దగ్గరే, అనుమతి అడిగి చూడండి. అక్కడ రెండు కొలతలు తీయండి. ఒకటి, నిలబడిన చోట నుంచి 30 మీటర్లు. రెండోది, 30 మీటర్లు పరిగెత్తుకుంటూ వచ్చి, పూర్తి ఊపులో దాటే తర్వాతి 30 మీటర్లు. రెండోది 3.3, 3.4 మధ్య వస్తే వాడి 12.3కి అది సరిపోతుంది, స్టార్టింగ్‌లో దాచిన నిధి ఏమీ లేదు. మొత్తం వేగమే పెరగాలి, అది వయసుతో, ప్రాక్టీసుతో వస్తుంది. అలా కాకుండా 3.1 వచ్చిందనుకోండి, అప్పుడు మీ అనుమానం నిజం. ఆ వేగం ఉన్న పిల్లాడు నా అంచనాలో 11.7 దగ్గర పరిగెత్తాలి, అర సెకను స్టార్టింగ్ దగ్గరే పోగొట్టుకుంటున్నాడు. అప్పుడు ఆ కొలతలు రాసిన కాగితం పట్టుకుని సారు దగ్గరికి వెళ్లండి. ఆయనకూ సంతోషమే.

ఫోన్ స్లో మోషన్‌లో పెట్టి, గీతకు సరిగ్గా ఎదురుగా, నడుము ఎత్తులో పట్టుకోండి. పొద్దున్నే వెళ్లండి, ఎనిమిది దాటితే ఎండకి ట్రాక్ మీద నిలవలేరు. ఒక్కో కొలత మూడుసార్లు, మధ్యలో ఐదారు నిమిషాల విరామం. మొదటిది బాగా వస్తే వాడే నాలుగోసారి అంటాడు. ఒప్పుకోకండి, తొడ కండరం పట్టేసేది ఆ నాలుగోసారే.