నిమ్మ చిగురు పసుపెక్కితే యూరియా వేయవచ్చునా?

ప్రశ్న: మా డాబా మీద పెద్ద కుండీలో మూడేళ్ల నిమ్మ మొక్క ఉంది. రెండు నెలలుగా కొత్త ఆకులన్నీ పసుపుపచ్చగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉంటున్నాయి. బలం చాలలేదేమోనని గుడ్డు పెంకుల పొడి, కట్టెల బూడిద వేశాను. పక్కింటివారు చెబితే నాలుగు ఇనుప మేకులు కూడా పాతిపెట్టాను. పోసేది బోరు నీరే. ఇక యూరియా వేయమంటారా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: వేయకండి. యూరియా ఇచ్చేది నత్రజని. అది చాలనప్పుడు కొమ్మ అడుగున ఉన్న ముదురాకులు ముందుగా, ఈనెలతో సహా ఒకే తీరుగా పాలిపోతాయి. వాటిలోని నత్రజనిని మొక్క లాగి చిగురుకు పంపుకోవడమే అందుకు కారణం. ఇనుము అలా ముదురాకు నుంచి కదిలి రాదు కనుక, దానికి కొరత వస్తే చిగురే పసుపెక్కుతుంది. మీరు రాసిన గుర్తులు ఇనుము లోపానివే. మెగ్నీషియం లోపం మళ్లీ ముదురాకుల మీదే కనిపిస్తుంది, తొడిమ దగ్గర మాత్రం పచ్చదనం బాణపు మొనలా మిగులుతుంది.

అలాగని మీ కుండీలోని మట్టిలో ఇనుము లేదనుకోనవసరం లేదు. మట్టిలో సున్నం పాలు, క్షారగుణం పెరిగినకొద్దీ ఇనుము వేళ్లు పీల్చుకోలేని రూపంలోకి మారిపోతుంది. గుడ్డు పెంకులో ఉన్నది చాలావరకు సున్నపు పదార్థమే, బూడిదా క్షారమే, బోరు నీరు ఉప్పదనం గలదైతే అదీ తోడవుతుంది. కుండీ లోపలి అంచున, మట్టి పైన తెల్లటి పొర కట్టి ఉందేమో గోటితో గీకి చూడండి. ప్రేమగా వేసిన పెంకుల పొడే మొక్క నోరు కట్టేసిందనడానికి మనసొప్పదు గాని, సంగతి అంతే. మేకుల మాటకు వస్తే, మేమూ ఒకప్పుడు పాతాము. కుండీ మార్చేటప్పుడు తుప్పు పట్టిన మేకులు బయటపడ్డాయి తప్ప చెట్టుకు ఒరిగిందేమీ లేదు. సున్నపు మట్టిలో ఆ తుప్పు వేరుకు అందదు.

మరొకటి కూడా చూసుకోవాలి. కుండీ కింది పళ్లెంలో నీరు నిలుస్తున్నా, అడుగు రంధ్రం మూసుకుపోయినా, వేళ్లకు గాలి ఆడక ఇవే లక్షణాలు వస్తాయి. పళ్లెం తీసేసి, కుండీని రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టండి. మట్టిలో వేలు రెండు కణుపుల మేర దించి, తడి తగలనప్పుడే నీరు పోయండి.

పై రెండంగుళాల మట్టిని తీసి, బాగా చివికిన పశువుల ఎరువు గాని వర్మీకంపోస్టు గాని నింపండి. వాన నీరు, ఏసీ నుంచి కారే నీరు, లేకపోతే నగరపాలక సంస్థ కుళాయిలో వచ్చే కృష్ణ నీరు పోయండి. వెంటనే పచ్చబడటానికి లీటరు నీటికి గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) ముందుగా కరిగించి, తరువాత 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్) కలిపి, సాయంత్రం వేళ ఆకుల అడుగు కూడా తడిసేలా పిచికారీ చేయాలి. ద్రావణం లేతాకుపచ్చగా ఉన్నంతసేపే పనికొస్తుంది, టీ రంగుకు తిరిగితే పారబోసి మళ్లీ కలుపుకోండి. వారం పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు చాలు. దీనిని మట్టిలో పోస్తే మేకుల కథే అవుతుంది. డాబా గచ్చు మీద తుప్పు మరకలు పడి వదలవు కాబట్టి కింద పాత గోనెసంచి పరచుకోండి.

ప్రశ్న: పెరట్లో బొప్పాయి అడుగు ఆకులు పండి రాలిపోతున్నాయి. తెగులా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చెట్టు పైకి పెరిగేకొద్దీ అడుగున ఒకటి రెండు ఆకులు పండి రాలడం బొప్పాయికి సహజం. ఒక్కసారిగా ఎక్కువ రాలుతుంటే, వానకు నల్లరేగడిలో మొదలు చుట్టూ నీరు నిలిచిందేమో చూసి కాలువ తీయండి. పై ఆకులు పసుపు మచ్చలతో ముడుచుకొని, కాయల మీద ఉంగరాల వంటి గుర్తులు కనిపిస్తే మాత్రం అది పేనుబంక మోసుకొచ్చే వైరస్ తెగులు. దానికి మందు లేదు. పక్క మొక్కలకు పాకకముందే ఆ చెట్టును పీకి తగులబెట్టండి.