ఒక సంవత్సరం ఆగాలని ఉంది, నాన్నగారు ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: నా వయసు 22. మనస్తత్వశాస్త్రంలో డిగ్రీ పూర్తి చేశాను, పీజీలో సీటు కూడా వచ్చింది. బడిలో చేరిన నాటి నుంచి ఒక్క ఏడాది కూడా ఆగకుండా చదువుతూనే ఉన్నాను. ఇప్పుడొక సంవత్సరం ఆగి సంజ్ఞా భాష నేర్చుకోవాలని, వినికిడి లోపమున్న పిల్లల బడిలో పనిచేయాలని, ప్రయాణాలు చేయాలని, కథలు రాయాలని ఉంది. నాన్నగారు మాత్రం ‘ఒకసారి ఆగితే మళ్లీ పుస్తకం పట్టవు’ అంటున్నారు. ‘ఏడాదంతా ఏం చేస్తావు’ అని అడిగితే నాకు మాట రావడం లేదు. ఆగాలనుకోవడం తప్పా?

జవాబు: తప్పు కాదు. అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీ కోరికల జాబితా కాదు, నాన్నగారి ప్రశ్నకు మాట రావడం లేదన్న వాక్యం. ఆయన కోపంగా అడిగి ఉండవచ్చు గానీ అడగవలసిన ప్రశ్నే అడిగారు. దానికి జవాబు ఆయనకంటే ముందు మీకే అవసరం.

అంతకు ముందు ఒక విషయం నిదానంగా చూసుకోండి. ఏళ్ల తరబడి చదివి అలసిపోవడం వేరు, మనసు కుంగిపోవడం వేరు. రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉంటూ, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయి, నిద్రా ఆకలీ మారిపోయి ఉంటే అది సెలవుతో తీరే అలసట కాకపోవచ్చు గనుక ముందు డాక్టరును కలవాలి. అలాంటి స్థితిలో ఉన్నవారికి ఖాళీ సంవత్సరం మేలు చేయకపోగా, రోజుకొక క్రమాన్నిచ్చే తరగతులూ స్నేహితులూ దూరమై దిగులు ముదిరే ప్రమాదం కూడా ఉంది. మీ మాటల్లో ఆ ఛాయలు నాకు కనిపించలేదు, కానీ ఉత్తరంలో అన్నీ కనిపించవు కాబట్టి చెబుతున్నాను.

ఇక సీటు సంగతి. సీటు వదులుకొని ఆగడానికీ, సీటు చేతిలో ఉంచుకొని ఆగడానికీ చాలా తేడా ఉంది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం తాను డిగ్రీలో చేర్చుకున్న విద్యార్థులను ఒక ఏడాది ఆగి రమ్మని ప్రోత్సహిస్తుంది. అప్పట్లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న ఒబామా కుమార్తె మాలియా 2016లో స్కూలు చదువు ముగించి, అక్కడ సీటు ఖాయమైన తరువాతే ఒక సంవత్సరం ఆగి, 2017లో చేరారు. అంటే ఆమెకు తిరిగి వెళ్లే తేదీ ముందే తెలుసు. అన్ని విశ్వవిద్యాలయాలూ ఈ వీలు కల్పించవు. కల్పించేవి కూడా గడువు తేదీ, డిపాజిట్, ఆ ఏడాదిలో మరో డిగ్రీలో చేరకూడదన్న నిబంధన వంటివి పెడుతుంటాయి. స్కాలర్‌షిప్ ఉంటే అది వచ్చే ఏటికి వర్తిస్తుందో లేదో ప్రత్యేకంగా అడగాలి. ఫోనులో ఎవరో ‘పర్వాలేదండీ’ అన్న మాటను నమ్ముకోకండి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. ‘మళ్లీ పుస్తకం పట్టవు’ అన్న నాన్నగారి భయానికి మీరు చూపగలిగిన మొదటి సమాధానం ఆ కాగితమే.

మీరు రాసిన నాలుగు కోరికలూ మంచివే గానీ నాలుగూ ఒక ఏడాదిలో ఇమడవు. ఇమిడించాలని చూస్తే ఏదీ మిగలదు. నన్నడిగితే సంజ్ఞా భాషనూ, పిల్లల బడినీ ఒకే పనిగా పెట్టుకోమంటాను, ఎందుకంటే అవి ఒకదానినొకటి పోషిస్తాయి. సంజ్ఞా భాష అంటే మాట్లాడే భాషను చేతులతో చూపడం కాదు. దానికి సొంత వ్యాకరణం ఉంది, దేశానికో తీరుగా ఉంటుంది, కనుబొమలు పైకెత్తడం, తల తిప్పడం కూడా అర్థాన్ని మార్చేస్తాయి. వీడియోలు చూసి కొన్ని పదాలు పట్టుకోవచ్చు గానీ, ఆ భాషలోనే బతికే మనుషుల మధ్య రోజూ గడిపితే తప్ప సంభాషణ పట్టుబడదు. అందుకు ఒక ఏడాది ఎక్కువ కాదు. పైగా మీరు చదవబోయేది మనస్తత్వశాస్త్రం. మాట లేకుండా ఒక పిల్ల తన అలకను ఎలా చెబుతుందో కళ్లారా చూసి తరగతిలో కూర్చునే విద్యార్థిని అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి. ప్రయాణాలకు ఒక నెల కేటాయించండి. రాయడానికి వేరే సంవత్సరం అక్కరలేదు, రాత్రి ఒక అరగంట చాలు.

ఇప్పుడు చెప్పబోయేది చాలామంది ఆలోచించని సంగతి. నేను కూడా మీ వయసులో చదువు మధ్యలో ఒక సంవత్సరం ఆగినదాన్నే. పొద్దున పది గంటలకు నోటుపుస్తకం తెరిచి, తేదీ వేసి, ఒక గీత గీసేదాన్ని. అంతలో బ్యాంకులో ఈ కాగితం ఇచ్చి రమ్మనేవారు, మరునాడు పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లమనేవారు, ఇంకోరోజు పిల్లలను చూసుకోమనేవారు. ఒక్కొక్కటీ చిన్న పనే, ఎవరి మనసులోనూ చెడు లేదు. కానీ అన్నింటికీ ముందు ఒకే మాట ఉండేది: ‘నువ్వు ఖాళీగానే ఉన్నావు కదా.’ ఆ పుస్తకంలో తేదీలు వేసి కింద ఏమీ రాయని పేజీలే ఎక్కువగా మిగిలాయి. ఇంట్లో ఉండే ఆడపిల్లకు తీరిక సొంత ఆస్తి కాదని, అది అందరి ఉమ్మడి సొత్తయిపోతుందని నాకు ఆ ఏడాదే తెలిసింది. అందుకే మొదటి నుంచే పని వేళలు పెట్టుకోండి, వీలైతే ఆ వేళల్లో ఇంటి బయట ఉండండి. ఉద్యోగానికి వెళ్లే మనిషి ఇంటికి ఎంత సాయం చేస్తుందో అంతే చేస్తానని ఇంట్లోవాళ్లకు ప్రేమగానే, స్పష్టంగా చెప్పండి.

మొదటి నెల మాత్రం నిజంగా విశ్రాంతి తీసుకోండి, అందుకు సిగ్గుపడవద్దు. ఆ నెలను కూడా ప్రణాళికలో రాసిపెట్టుకుంటే అది రెండో నెలలోకి పాకదు. మీ తోటివారు కొత్త తరగతుల ఫొటోలు పెట్టే రోజుల్లో మనసు కలుక్కుమంటుంది. ఆ రోజులు వస్తాయని ముందే తెలిసి ఉండడం కొంత మేలు.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. నెల ఖర్చును పన్నెండుతో గుణించి, దానికి చదువులో తిరిగి చేరేటప్పుడు కట్టవలసిన ఫీజును కలిపి చూడండి. చదువు కోసం రుణం తీసుకుని ఉంటే, ఆగిన కాలంలో వాయిదాలు మొదలవుతాయేమో ఇప్పుడే కనుక్కోండి. ఆ లెక్కలో ఎంత మీరు సంపాదించగలరో, ఎంత నాన్నగారు భరించాలో దాచకుండా రాయండి. అడగకుండా ఆయన భుజాన వేస్తే ఆయన అభ్యంతరం న్యాయమే అవుతుంది.

ఇదంతా ఒకే కాగితం మీద రాయండి: నెలల పేర్లు, వాటి ఎదురుగా పని, ఖర్చు, చివరి గడిలో తిరిగి చేరే తేదీ. ఆరో నెలలో ఇద్దరూ కూర్చుని ఎలా సాగుతోందో చూసుకుందామని మీరే ప్రతిపాదించండి. ఆయన ఒక నెలను కొట్టివేసి ఇంకేదో రాయమంటే వెంటనే నొచ్చుకోకండి, కాగితం మీద చేయి పెట్టిన మనిషి అప్పటికే సగం ఒప్పుకున్నట్టు. విశ్వవిద్యాలయానికి ఉత్తరం ఈ వారంలోనే పంపండి. జవాబు చేతికి వచ్చేదాకా సీటు వదులుకుంటానని ఇంట్లో ఎవరితోనూ, కోపంలో కూడా, అనకండి.