గడ్డి పెంచుతనన్న బిడ్డకు

బిడ్డా శైలజా,

హైదరాబాద్‌ల నౌకరి ఇడిసిపెట్టి దేవరకొండ కాడి మన చెలకల బర్రెలు పెడుతున్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. మన ఇంట్ల ఒక్కరన్న మళ్ల పశువు మొఖం చూస్తున్నరని మీ పెద్దమ్మ ఊరంత చెప్పుకుంటున్నది. నాకూ సంబురమే. కానీ పశువుల దవాఖానల కాంపౌండర్‌గ చేసినోణ్ని, పానం బాగలేని పశువులనే ఎక్కువ చూసిన. నా భయాలు నాకుంటయి, చదువు.

సూపర్ నేపియర్ అని నువ్వు వీడియోల చూసిన గడ్డి థాయిలాండ్ పాక్‌చోంగ్ రకం. కోయంబత్తూరు కో-4 గడ్డి లెక్కనే అదీ సజ్జకు, నేపియర్‌కు పుట్టిన సంకరమే. సజ్జకు 14 క్రోమోజోములు, నేపియర్‌కు 28, ఈ సంకరానికి 21, వాటికి జతలు కుదరవు. అందుకే ఇది మొలిచే విత్తు కట్టదు, కణుపు ముక్కలే నాటాలె. "సూపర్ నేపియర్ విత్తనాలు" అని పొట్లాలు అమ్మేటోడు కనవడితే ఫోన్ పెట్టెయ్. రెండు కణుపుల ముక్క, ఒక కణుపు మట్టిల, ఒకటి పైన. మొదటి కోత రెండున్నర నెలలకు, తర్వాత 45 దినాలకోసారి. ముదరనిస్తే కట్టె అయితది, బర్రె ముట్టదు.

అసలు గుబులు నీళ్లది. నేపియర్ ఆఫ్రికాల తడి నేలల, ఏటి ఒడ్ల పుట్టిన గడ్డి. మన ఒక్క బోరు మీద మూడెకరాలు పెడుతనంటున్నవట! ఎండకాలం ఆ బోరు ఎంత పోస్తదో మీ నాయినను అడుగు. అరెకరం పెట్టు, చాలు. మిగిలిన చెలకల తొలకరికి అంజన్ గడ్డి, దాంట్ల స్టైలో అనే పప్పుజాతి మేత కలిపి చల్లు. అంజన్ ఆఫ్రికా కాడికెల్లి అరబ్బు దేశాల మీదుగ మన రాజస్థాన్ దాక ఎండు నేలల బతికే గడ్డి. నేపియర్‌కు 1827ల పెన్నిసెటమ్ అని శాస్త్రం పేరు పెట్టిన్రు, 2010ల దాన్ని తీసుకపోయి అంజన్ ఉండే సెంక్రస్ జాతిల కలిపిన్రు. ఒక్క జాతోళ్లే, ఒకరికి నీళ్లు కావాలె, ఒకరికి అక్కర్లేదు. అంజన్ కోసుకోవచ్చు, మేపుకోవచ్చు, ఎండబెట్టి వామి వేసుకోవచ్చు, మట్టిని కొట్టుకపోనియ్యదు.

నేపియర్ అందేదాక జొన్న చల్లుకుంటనన్నవట. ఇది మాత్రం జర కూసోని చదువు.

నేను బడికి పోయే దినాలు. వానకాలం నడిమిట్ల వానలు ఎగ్గొట్టినయి. మోకాలెత్తు జొన్న ఆకులు చుట్టుకపోయినయి. కొట్టంల గడ్డిపోచ లేదు. మా నాయిన ఎద్దుల డొక్కలు చూడలేక పొద్దుగాల్నే వాటిని ఆ చేన్ల ఇడిసి, చుట్ట ముట్టిచ్చుకొని గెట్టు మీద కూసున్నడు. చుట్ట సగం కాలకముందే పెద్దెద్దు వణికింది. నోట్లె నురుగు, ఊపిరికి మెడ సాపింది, కాళ్లు కొట్టుకొని పడ్డది. కొంతసేపటికి రెండోది కూలింది. ఎవరో మందు పెట్టిన్రన్నడు నాయిన. ఎవరో ఏంది, గెట్టు పక్కోళ్లే అన్నడు, నీళ్ల కాడ వాళ్లతోని అంతకుముందే పంచాది ఉండె. ఊరందరి ముంగట వాళ్ల ఇంటి మీదికి పోయి తిట్టిండు. అరక కట్టనీకె ఎద్దుల్లేక చెలక బీడు పడ్డది, మా అక్క పెండ్లి ఆగింది.

ట్రైనింగ్‌ల చేరినంక సారు నాము, అంటే జొన్న విషం, గురించి చెప్పిండు. లేత జొన్నల, ఎండకు వాడిన జొన్నల, కోసిన మోళ్లకు వచ్చే పిలకల సైనైడ్ పుట్టిచ్చే సరుకు ఉంటది. పశువు నమిలినప్పుడు విషం బయటికొస్తది. నెత్తుర్ల గాలి ఉన్నా ఒళ్లు దాన్ని వాడుకోలేదు. ఇంటికొచ్చి నాయినకు చెప్పిన. "చదువుకున్నోని మాటలు" అని లేచిపోయిండు. చచ్చేదాక వాళ్లతోని మాట్లాడలే.

అందుకే జొన్న పూతకొచ్చేదాక కోయకు. కోసి బాగ ఎండబెట్టి చొప్ప చేస్తే విషం చాలామట్టుకు పోతది. వాన ఎగ్గొడితే ఆ చేను దిక్కు పశువును తోలకు. ఒక పూటకేం కాదు అన్నోళ్ల మాట అస్సలు వినకు. తిన్నదని అనుమానమొస్తే ఆ నిమిషమే పశువుల అంబులెన్స్ 1962కు ఫోన్ కొట్టు, దగ్గరి డాక్టర్‌నూ పిలువు, నరానికి హైపో (సోడియం థయోసల్ఫేట్) సూది పడాలె. ఎంబీఏ చదివి దిష్టి తీసుకుంట కూసున్నవో, నేను ఊరుకోను.

నేపియర్‌కు నాము భయం లేదు గని యూరియా కుమ్మరించి పెంచితే నైట్రేట్ విషమైతది. కోసిన పచ్చిగడ్డి రాత్రంత కుప్పేసి వేడెక్కనిస్తే ఇంకా చెడ్డది. దాంట్ల ఆక్సలేట్ కూడ ఉంటది, సున్నం (కాల్షియం) ఒంటికి పట్టనియ్యదు. ఉత్త నేపియర్, వరిగడ్డి మీద బర్రెను నిలబెట్టకు, అలసంద కలుపు, మినరల్ మిక్చర్ మరువకు.

నీ బోరు పక్క గెట్టు ఇప్పుడు నాయిన తిట్టిన ఆ పక్కోళ్ల మనవడు చేస్తున్నడు. మంచి పిలగాడు, గొర్లున్నయి. నాటేముందు వాళ్లింటికి పోయి, ఎవరి మనవరాలివో దాచకుండ చెప్పు. చాయ్ ఇస్తే తాగు. మొదటి కోతప్పుడు కణుపులు అడిగితే ఇయ్యి, పైసలు తీసుకోకు.

దసరాకు వస్త. గడ్డి కత్తిరించే మిషన్ అప్పుడే కొందాం. దాని కాడ నీ చేతులు ఎట్ల పెడుతవో నేను చూడాలె.

మీ పెద్దనాయిన