1999 కార్గిల్ గాయానికి వూండ్ మెడల్: ఇప్పుడు అడిగితే ఇస్తారా?

ప్రశ్న: నేను సైన్యంలో హవల్దార్‌గా పనిచేసి 2008లో రిటైరయ్యాను. 1999 జూన్‌లో ద్రాస్ సెక్టార్‌లో పాకిస్తాన్ షెల్లింగ్ జరిగినప్పుడు కుడి తొడలోకి స్ప్లింటర్లు దూసుకుపోయాయి. శ్రీనగర్ ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. ఒక ముక్క ఇంకా లోపలే ఉంది. ఆపరేషన్ విజయ్ స్టార్ ఇచ్చారు కానీ వూండ్ మెడల్ రాలేదు. రిటైరయ్యేటప్పుడు మెడికల్ బోర్డు 30 శాతం వైకల్యం రాసింది, డిజెబిలిటీ పెన్షన్ వస్తోంది. ఈమధ్య రికార్డ్ ఆఫీసుకు మెడల్ కోసం రాస్తే, ‘మీ డాక్యుమెంట్లలో బాటిల్ క్యాజువల్టీ (యుద్ధంలో గాయపడ్డట్టు) ఎంట్రీ లేదు, ఇంత ఆలస్యంగా పరిశీలించలేం’ అని జవాబిచ్చారు. అది వచ్చి నాలుగు నెలలైంది. కోర్టుకు వెళ్లొచ్చా? తోటివాళ్లు ‘మెడల్ బజార్లో దొరుకుతుంది, కొనుక్కుని పెట్టుకో’ అంటున్నారు.

జవాబు: ముందు చివరి మాట సంగతి. బజార్లో కొన్న మెడల్ పెట్టుకోవద్దు. మీ కేసు నిజమైనది. దాన్ని మీ చేతులతో మీరే అనుమానాస్పదం చేసుకోకండి.

మాజీ సైనికులు చాలామంది వీరచక్ర, సేనా మెడల్ లాంటి శౌర్య పురస్కారాలనూ వూండ్ మెడల్‌నూ ఒకే గాటన కడతారు. శౌర్య పురస్కారానికి పై అధికారి సిఫార్సు కావాలి, దాన్ని కమిటీలు పరిశీలించాలి. ఫలానా వాడి ధైర్యం ఏ స్థాయిదో కోర్టులు తేల్చవు, తేల్చకూడదు కూడా. వూండ్ మెడల్, అంటే పరాక్రమ్ పదక్, అలాంటిది కాదు. శత్రువు చర్య వల్ల నేరుగా గాయపడ్డారా లేదా అన్నదొక్కటే అక్కడ ప్రశ్న. పడితే అర్హులు, లేకపోతే కాదు. అందుకే ఇందులో కోర్టు జోక్యం చేసుకునే వీలు ఎక్కువ. కోర్టు చూసేది మీరెంత ధైర్యంగా పోరాడారని కాదు, మీ గాయం కాగితాల్లో ఎలా నమోదైందని.

మీ సమస్య సరిగ్గా అక్కడే ఉంది. మీరు మెడల్ ఇవ్వమని అడిగారు, వాళ్లు ఎంట్రీ లేదన్నారు. ఆ ఎంట్రీ వేయాల్సిన బాధ్యత మీది కాదు. గాయపడగానే యూనిట్ క్యాజువల్టీ సిగ్నల్ పంపాలి, ఆ తర్వాత పార్ట్ టూ ఆర్డర్ (సైనికుడి సర్వీసులో జరిగినవాటిని నమోదు చేసే ఉత్తర్వు) వెలువడాలి, అది మీ షీట్ రోల్‌లోకి, అంటే సర్వీసు రికార్డులోకి ఎక్కాలి. యుద్ధం మధ్యలో, ఆస్పత్రి నుంచి ఆస్పత్రికి మారే హడావిడిలో ఈ గొలుసులో ఒక లంకె తెగడం కొత్తేం కాదు. కాబట్టి ఇకపై మీ అభ్యర్థన క్రమం మారాలి. నన్ను బాటిల్ క్యాజువల్టీగా నమోదు చేయండి, దాని ఫలితంగా మెడల్ ఇవ్వండి, పెన్షన్ సవరించండి అని ఇదే వరుసలో అడగండి.

సాక్ష్యం కోసం ఈ వారమే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, జవాబు గడువు 30 రోజులు. ‘నా సర్వీసు వివరాలన్నీ ఇవ్వండి’ అని రాస్తే వచ్చేది ఒక పేజీ సారాంశమే. పేరుపేరునా అడగండి: 1999 మే నుంచి డిసెంబరు దాకా నా పేరిట వెలువడ్డ పార్ట్ టూ ఆర్డర్లు, షీట్ రోల్ నకలు, క్యాజువల్టీ రిపోర్టు, మెడికల్ కేటగిరీ మార్చిన బోర్డు ప్రొసీడింగ్స్, రిలీజ్ మెడికల్ బోర్డు (రిటైరయ్యేటప్పుడు పరీక్షించిన బోర్డు) ప్రొసీడింగ్స్. ఇవి మీ సొంత కాగితాలు కాబట్టి గోప్యత పేరు చెప్పి ఆపడం కష్టం. ముప్పై రోజుల్లో ఇవ్వకపోతే మొదటి అప్పీలు వేయండి.

వీటిలో అసలు కీలకం రిలీజ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్. గాయం ఎప్పుడు, ఎక్కడ, ఏ పరిస్థితిలో తగిలిందో అందులో ఒక గడి ఉంటుంది. అక్కడ ‘షెల్ స్ప్లింటర్ గాయం, కుడి తొడ, ద్రాస్, ఆపరేషన్ విజయ్’ అని ఉంటే సగం కేసు అక్కడే తేలినట్టు. సైన్యం డాక్టర్లే శత్రువు షెల్ అని రాశాక, అదే సైన్యంలోని మరో విభాగం మా దగ్గర ఎంట్రీ లేదంటే ఆ వాదన నిలవదు. ‘డ్యూటీలో ఉండగా గాయం’ అని మాత్రమే రాసి ఉంటే కొంచెం శ్రమ పడాలి. అలాంటప్పుడు లోపల ఉండిపోయిన లోహపు ముక్కే మీకు సాక్షి. ఇప్పుడు కొత్తగా ఎక్స్‌రే తీయించి, రేడియాలజిస్టు రిపోర్టు తీసుకుని జత చేయండి. మీ ఆపరేషన్ విజయ్ స్టార్ కూడా పనికొస్తుంది. ఆ రోజుల్లో మీరు యుద్ధ ప్రాంతంలోనే ఉన్నారని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు అది.

తోటి సైనికుల అఫిడవిట్లు కూడా పెట్టొచ్చు. అయితే నా దగ్గరికి వచ్చే అఫిడవిట్లలో ఎక్కువ భాగం ‘వీరు ధైర్యవంతులు, క్రమశిక్షణ గలవారు’ అన్న పొగడ్తలతో నిండి ఉంటాయి. వాటితో పని జరగదు. షెల్ ఏ పూట పడింది, తను ఎంత దూరంలో ఉన్నాడు, మిమ్మల్ని ఎవరు మోసుకెళ్లారు, ఎక్కడ కట్టు కట్టారు అన్నవి కావాలి. అప్పటి మీ కమాండర్ అందుబాటులో ఉంటే ఆయన ఇచ్చే ఒక్క పేజీ పదిమంది మాట పెట్టు.

రికార్డులు దొరకడం లేదని వాళ్లంటే? మీరు పెన్షనర్. మీ సర్వీసు కాగితాలు భద్రపరచాల్సింది వాళ్లే. తన దగ్గర ఉండాల్సిన పత్రాన్ని ఒక పక్షం చూపకపోతే అది ఆ పక్షానికి వ్యతిరేకంగా ఉందని కోర్టు ఊహించుకోవచ్చు. పాత సాక్ష్య చట్టంలో 114వ సెక్షన్‌గా ఉన్న ఈ సూత్రం ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమంలో 119వ సెక్షన్.

ఇక ఆలస్యం సంగతి. మీ కేసులో బలహీనత ఇదే, దాచి లాభం లేదు. పాతబడ్డ హక్కు గురించి ఇప్పుడు ఉత్తరం రాసి, దానికి జవాబు తెప్పించుకున్నంత మాత్రాన గడువు కొత్తగా మొదలవదని సి. జాకబ్ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. ప్రభుత్వ న్యాయవాది మొదట ఎత్తేది ఈ తీర్పునే. మెడల్ ఒక్కటే అడిగితే, 1999లో ముగిసిన వ్యవహారం అని కొట్టేసే ప్రమాదం ఉంది.

పెన్షన్ అలా కాదు. తక్కువ పెన్షన్ ఇస్తుంటే ప్రతి నెలా కొత్తగా నష్టం జరుగుతున్నట్టే లెక్క. 2008లోనే తర్సేమ్ సింగ్ కేసులో, అదీ ఒక సైనికుడి డిజెబిలిటీ పెన్షన్ వివాదమే, సుప్రీంకోర్టు దీన్ని కొనసాగుతున్న అన్యాయంగా గుర్తించింది. బకాయిలు మాత్రం కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితం చేసింది. అందుకే మీ దరఖాస్తులో మెడల్, పెన్షన్ రెండూ కలిపే అడగాలి. రెండింటికీ మూలం ఒక్కటే, బాటిల్ క్యాజువల్టీ నమోదు. పెన్షన్ కోసం ఆ ప్రశ్న ఎలాగూ తేల్చాలి కాబట్టి, తేలాక మెడల్ ఒక్కటే ఆలస్యమైందని తోసిపుచ్చడం అంత తేలిక కాదు.

నిజానికి మీ ఉత్తరం చదవగానే నాకు మెడల్ కంటే ముందు తట్టింది పెన్షనే. వూండ్ మెడల్‌తో నెలనెలా వచ్చే భత్యం ఏమీ ఉండదు. కానీ గాయం శత్రువు చర్య వల్ల అయితే మీకు రావాల్సింది మామూలు డిజెబిలిటీ పెన్షన్ కాదు, వార్ ఇంజరీ పెన్షన్. రక్షణ శాఖ 2001 జనవరి 31 నాటి ఉత్తర్వులో ఇది ‘ఇ’ కేటగిరీ. పూర్తి సర్వీసు చేసి రిటైరైనవారికి నూరు శాతం వైకల్యానికి డిజెబిలిటీ ఎలిమెంట్ (పెన్షన్‌లో వైకల్యానికి ఇచ్చే భాగం) చివరి జీతంలో 30 శాతం అయితే, వార్ ఇంజరీ ఎలిమెంట్ 60 శాతం. పైగా 50 శాతం లోపు వైకల్యాన్ని 50గా లెక్కగట్టే పద్ధతి రిటైరైనవారికీ వర్తిస్తుందని రామ్ అవతార్ కేసులో 2014లో తీర్పు వచ్చింది. ఉదాహరణకు చివరి జీతం 20,000 అనుకుందాం. 30 శాతం వైకల్యం మీద డిజెబిలిటీ ఎలిమెంట్ 1,800. దాన్ని 50 శాతానికి పెంచి, వార్ ఇంజరీ కింద లెక్కిస్తే 6,000. పే కమిషన్ సవరణలు, డీఏ దీనికి అదనం. మీ పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) తీసి ఇప్పుడు ఏ శాతం మీద ఇస్తున్నారో చూడండి.

ఇక్కడ మిగతా పాఠకులకు ఒక మాట. వార్ ఇంజరీ పెన్షన్ వచ్చిన ప్రతివారికీ వూండ్ మెడల్ రాదు. మన సైన్యమే మందుపాతరలు పాతుతుండగా పేలి గాయపడితే పెన్షన్ నిబంధనల్లో అది వార్ ఇంజరీయే. కానీ శత్రువు నేరుగా చేసిన దాడి కాదు కాబట్టి మెడల్ దగ్గర చిక్కు వస్తుంది. షెల్లింగ్‌లో తగిలిన గాయానికి ఆ చిక్కు లేదు.

కేసు వేయాల్సింది సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో. రిటైరైనవారి సర్వీసు వ్యవహారాలు కూడా 2007 నాటి చట్టం కింద దాని పరిధిలోకే వస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉండేవారికి చెన్నై బెంచ్. మీరు సర్వీసు ఎక్కడ చేసినా, ఇప్పుడు ఉంటున్న చోటు ఏ బెంచ్ కిందికి వస్తే అక్కడ వేయొచ్చు. తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లోపు వేయాలని 22వ సెక్షన్ చెబుతోంది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారమూ అదే సెక్షన్‌లో ఉంది. మీకు ఇంకా రెండు నెలలు ఉన్నాయి. ఆర్టీఐ కాగితాలన్నీ వచ్చాకే వేద్దామని కూర్చోవద్దు. చేతిలో ఉన్న డిశ్చార్జ్ బుక్, పీపీఓ, తిరస్కరణ లేఖతో గడువులోపే వేసేయండి, మిగతావి తర్వాత జత చేయొచ్చు. మెడల్ విషయంలో 1999 నుంచి జరిగిన జాప్యాన్ని మన్నించమని విడిగా ఒక అర్జీ కూడా అదే రోజు పెట్టండి. ‘నాకు తెలియదు’ అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా, నమోదు చేయాల్సిన బాధ్యత యూనిట్‌దని, ఎంట్రీ లేదన్న సంగతి ఈ లేఖతోనే తెలిసిందని రాయించండి, అది నిజమైతేనే సుమా.

ట్రిబ్యునల్‌లో ఓడితే దారులు మూసుకుపోవు. ట్రిబ్యునల్ తీర్పుల మీద హైకోర్టులో రిట్ వేసుకోవచ్చని పరశోత్తమ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు 2023లో స్పష్టం చేసింది. చెన్నైలో లాయర్‌ను ఎలా పట్టుకోవాలో తెలియకపోతే ముందు మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. ఇలాంటి కేసులు వేసినవారి ఆచూకీ అక్కడ దొరుకుతుంది.

ఒకటి మర్చిపోకండి. రికార్డ్ ఆఫీస్ లేఖతో పాటు అది వచ్చిన కవరునూ దాచండి. లేఖ మీద ఉన్న తేదీకీ అది మీ చేతికి అందిన తేదీకీ తేడా ఉంటే, ఆరు నెలల లెక్కలో వివాదం వచ్చినప్పుడు చూపడానికి ఆ పోస్టల్ ముద్ర కావాలి.