జింప్ ట్యుటోరియల్స్‌కి టాపిక్స్ ఎక్కడ దొరుకుతాయి? నాకు దొరికిన చోట్లు ఇవి

జింప్ (ఉచితంగా దొరికే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) మీద పదిహేను దాకా ట్యుటోరియల్స్ చేశారు, ఇప్పుడు ఏం చెప్పాలో తోచట్లేదు, ఏ టాపిక్ అనుకున్నా ఎవరో ఒకరు ముందే చేసేసి ఉన్నారు, ఆపేయాలా అని అడిగారు. ఆపకండి. నేను ఏడేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, సరిగ్గా మీరున్న చోటే దాదాపు ఏడాది ఇరుక్కుపోయాను, అందులోంచి ఎలా బయటపడ్డానో వివరంగా చెప్తాను.

మొదట్లో నేను టాపిక్ కోసం సాఫ్ట్‌వేర్‌లోనే వెతికేవాణ్ణి. మెనూ తెరిచి పైనుంచి కిందికి వరసగా వెళ్లడమే. లేయర్స్ (ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు) మీద ఒకటి, పాత్స్ మీద ఒకటి, కర్వ్స్ మీద ఒకటి. టూల్‌బాక్స్ అయిపోయేసరికి నా దగ్గర టాపిక్స్ కూడా అయిపోయాయి. పైగా నేను చెప్పినవన్నీ జింప్ హెల్ప్ మాన్యువల్‌లో అంతకంటే వివరంగా ఉన్నవే.

ఇది మారింది మా వదిన వల్ల. ఆవిడ ఒక పాత ఫొటో బాగుచేసుకోవాలని జింప్ వేసుకుని, నేను రాసిన బ్రష్ ట్యుటోరియల్ పక్కన పెట్టుకుని కూర్చున్నారు. పది నిమిషాల్లో పిలిచారు. "నువ్వు రాసినట్టే చేస్తున్నాను కదా, ఎంత గీసినా ఏమీ పడట్లేదేంటి?" అన్నారు. నాకూ వెంటనే అర్థం కాలేదు. బ్రష్ సరిగ్గానే ఉంది, రంగూ ఉంది, లేయరూ సరైనదే. చివరికి జూమ్ తగ్గించి చూస్తే ఫొటోలో ఒక మూల ఎప్పుడో పొరపాటున చేసిన చిన్న సెలక్షన్ ఉంది. జింప్‌లో సెలక్షన్ ఉంటే దాని లోపలే రంగు పడుతుంది, బయట ఎంత గీసినా పడదు. కంట్రోల్, షిఫ్ట్, ఏ కలిపి నొక్కితే సెలక్షన్ పోయింది, బ్రష్ పని చేసింది.

ఆ రాత్రి కూర్చుని, బ్రష్ గీస్తున్నా రంగు పడకపోవడానికి ఇంకా ఏమేం కారణాలు ఉంటాయో రాసుకున్నాను. లేయర్ సైజు కాన్వాస్ కంటే చిన్నగా ఉండి, మనం దాని హద్దు బయట గీస్తుండొచ్చు. లేయర్ లాక్ అయి ఉండొచ్చు. లేయర్‌కి బదులు దాని మాస్క్ (లేయర్‌లో ఏ భాగం కనబడాలో చెప్పేది) ఎంచుకుని ఉండొచ్చు. మనం గీసే లేయర్ మీద ఇంకో లేయర్ కప్పేసి ఉండొచ్చు. ఒపాసిటీ (రంగు ఎంత దట్టంగా పడాలో చెప్పే విలువ) ఎప్పుడో సున్నాకి జరిగిపోయి ఉండొచ్చు. వీటిలో ఒక్కటి కూడా నా బ్రష్ ట్యుటోరియల్‌లో లేదు, ఎందుకంటే నేను రాసేటప్పుడు నా బ్రష్ పని చేస్తోంది! "బ్రష్ గీస్తున్నా రంగు పడట్లేదా?" అని దాన్నే విడిగా రాశాను. అంతకుముందు నేను రాసిన వేటికీ రానన్ని ఉత్తరాలు దానికి వచ్చాయి, అందులో సగం "నాదీ ఇదే సమస్య, కానీ నాకు ఇంకోలా వస్తోంది" అన్నవే. ఆ ఇంకోలా వచ్చినవే నా తర్వాతి టాపిక్స్ అయ్యాయి.

మీకు నేను చెప్పదలుచుకున్నది ఇదే. టూల్ పేరు టాపిక్ కాదు, మనిషి ఆగిపోయిన చోటు టాపిక్. ఇరుక్కుపోయిన మనిషికి టూల్ పేరు తెలియదు, తెరమీద తనకి కనబడేది మాత్రమే తెలుసు. "ఆల్ఫా ఛానల్ అంటే ఏమిటి" అని ఎవరూ వెతకరు, ఆ మాట తెలిసినవాళ్లకి ఆ ట్యుటోరియల్ అవసరమే ఉండదు. వాళ్లు వెతికేది "ఎరేజర్‌తో చెరిపితే వెనక తెల్లగా వస్తోంది" అని. లేయర్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీ కిందకి వెళ్లి యాడ్ ఆల్ఫా ఛానల్ నొక్కడం (లేయర్‌కి పారదర్శకంగా ఉండే వీలు ఇచ్చేది అదే), ఆ తర్వాత జేపెగ్‌లో కాకుండా పీఎన్‌జీలో ఎక్స్‌పోర్ట్ చేయడం (జేపెగ్‌కి పారదర్శకత అన్నదే లేదు), ఇంతే విషయం. కానీ శీర్షిక వాళ్ల మాటల్లో ఉంటేనే వాళ్లకి దొరుకుతుంది.

ఇలాంటివి ఒకసారి వినడం మొదలుపెడితే ఆగవు. గిఫ్ ఫైల్ తెరిస్తే ఫిల్టర్లు సగం బూడిద రంగులోకి మారి నొక్కడానికి రావు, వేసే రంగేమో ఇంకో రంగుగా పడుతుంది, ఎందుకంటే అది ఇండెక్స్‌డ్ మోడ్‌లో ఉంది, అందులో 256 రంగులకు మించి ఉండవు. ఇమేజ్ మెనూలో మోడ్‌ని ఆర్‌జీబీకి మారిస్తే సరిపోతుంది. ట్యాబ్ కీ పొరపాటున తగిలితే ప్యానెళ్లన్నీ మాయమవుతాయి, మళ్లీ అదే కీ నొక్కితే వచ్చేస్తాయి, ఆ సంగతి తెలియక సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేసుకున్నవాళ్లు నాకు తెలుసు. ఫొటో తెరమీద చక్కగా ఉంటుంది, ప్రింట్ తీస్తే మసకబారుతుంది, అక్కడ 4×6 అంగుళాల ప్రింట్‌కి అంగుళానికి 300 పిక్సెల్స్ లెక్కన 1200×1800 పిక్సెల్స్ కావాలని ఎవరో ఒకరు కూర్చుని లెక్క చూపించాలి. ఒక్కోటి ఒక్కో ట్యుటోరియల్. మీకు ఇవి మరీ చిన్నవిగా కనిపించొచ్చు. ఇరుక్కుపోయిన మనిషికి మాత్రం ఆ పూట పని ఆగిపోయింది, దయచేసి వీటిని చిన్నవనుకోకండి.

ఇవి వినాలంటే ఎక్కడికి వెళ్లాలి? నాకు అన్నిటికంటే ఎక్కువ ఇచ్చింది కొత్తగా నేర్చుకుంటున్న ఒకరి పక్కన అరగంట కూర్చోవడం. మౌస్ ముట్టుకోకూడదు, "అక్కడ నొక్కు" అని చెప్పకూడదు, వాళ్లు ఎక్కడ ఆగారో, ఆగినప్పుడు నోటితో ఏమన్నారో అది రాసుకోవాలి. చాలా కష్టం, చెయ్యి ఊరికే ముందుకెళ్లిపోతుంది. అయినా ఒక్క అరగంటలో నాకు ఐదారు టాపిక్స్ వచ్చేవి. రెండోది, ఇలాంటి ప్రశ్నలు అడిగే చోట్ల జవాబు రాని ప్రశ్నలు, లేదా "మాన్యువల్ చదువుకోండి" అని ఒక్క ముక్కలో జవాబు వచ్చినవి. అడిగినవాళ్లు సంతృప్తి పడకుండా వెళ్లిపోయి ఉంటారు, ఆ జవాబు ఇంకా ఎవరో ఇవ్వాలి. మూడోది మీరే. మీకు పది నిమిషాలకు మించి పట్టిన ప్రతి పనినీ, మీరు వెతికిన మాటలతో సహా, అప్పటికప్పుడు ఒక చోట రాసి పెట్టుకోండి. తర్వాత రాద్దాం అనుకుంటే గుర్తుండదు, ఒకసారి దారి తెలిశాక తెలియనప్పటి స్థితి మనసులోకి తిరిగి రాదు.

నేను అలా రాసి పెట్టుకున్న పుస్తకంలోంచి ఒకటి చెప్తాను. కొన్ని చేతిరాత కాగితాలు ఫోన్‌తో ఫొటో తీశాను, ఒక పక్క వెలుగు, ఒక పక్క నా చెయ్యి నీడ. లెవెల్స్ (వెలుగు, చీకటి సర్దే టూల్) సరిచేస్తే వెలుగున్న వైపు అక్షరాలు ఎగిరిపోతున్నాయి, నీడ వైపు ఇంకా మురికిగానే ఉంది. గంట పోయింది. చివరికి కుదిరిన దారేంటంటే, లేయర్‌ని డూప్లికేట్ చేసి, పైదానికి అక్షరాలు పూర్తిగా కరిగిపోయేంత గాసియన్ బ్లర్ (చిత్రాన్ని మసక చేసే ఫిల్టర్) వేసి, దాని మోడ్‌ని (కింది లేయర్‌తో ఎలా కలవాలో చెప్పేది) డివైడ్‌కి మార్చడం. బ్లర్ అయిన లేయర్‌లో వెలుగునీడలు మాత్రమే మిగులుతాయి, కింది చిత్రాన్ని దానితో భాగిస్తే నీడ పోయి కాగితం అంతా ఒకే తెలుపుకి వస్తుంది, అక్షరాలు నిలబడతాయి. "లేయర్ మోడ్స్ పరిచయం" అని రాసి ఉంటే డివైడ్ మోడ్‌కి నేను ఒక్క వాక్యం ఇచ్చి ఉండేవాణ్ణి. "ఫోన్‌తో తీసిన కాగితం మీద నీడ పోవాలంటే" అన్నప్పుడు అదే మోడ్ ఒక పూర్తి ట్యుటోరియల్ అయింది, చదివినవాళ్లకి లేయర్ మోడ్ ఎందుకుంటుందో కూడా తెలిసింది.

ఇక మీ రెండో బాధ, "ఎవరో ముందే చేసేశారు" అన్నది. చేశారు, నిజమే. ఏ వెర్షన్‌లో చేశారో చూశారా? 2012లో 2.8 వచ్చినప్పుడు సేవ్, ఎక్స్‌పోర్ట్ వేరైపోయాయి, కంట్రోల్ ఎస్ కొడితే జింప్ సొంత ఫార్మాట్ అయిన ఎక్స్‌సీఎఫ్‌లోనే సేవ్ అవుతుంది, జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్‌కే వెళ్లాలి. అంతకుముందు రాసినవన్నీ ఆ ఒక్క అడుగు దగ్గర తప్పు. 2020లో 2.10.18 వచ్చేసరికి టూల్స్‌ని గుంపులుగా కలిపేశారు, పాత ట్యుటోరియల్‌లో కనబడే ఐకాన్ ఇప్పుడు ఇంకో ఐకాన్ కింద దాగి ఉంటుంది. 2025 మార్చిలో 3.0 వచ్చింది, అది ఇంకా పెద్ద మార్పు. ఫిల్టర్ వేశాక కూడా వెనక్కి వెళ్లి దాని విలువలు మార్చుకోవచ్చు, పేస్ట్ చేస్తే ఫ్లోటింగ్ సెలక్షన్‌కి (ఏ లేయర్‌లోనూ చేరకుండా తేలుతుండే ముక్క) బదులు నేరుగా కొత్త లేయర్ వస్తుంది, లేయర్లని గొలుసు గుర్తుతో కలిపే పాత పద్ధతి పోయి ఒకేసారి చాలా లేయర్లు ఎంచుకునే వీలు వచ్చింది, పాత ప్లగిన్లేమో కొత్తదానికి తగ్గట్టు మార్చి రాస్తే తప్ప పని చేయవు.

అక్షరాల చుట్టూ అవుట్‌లైన్ వేయడం చూడండి. ఇదివరకు ఆల్ఫా టు సెలక్షన్‌తో అక్షరాలని సెలక్ట్ చేసి, గ్రోతో ఆ సెలక్షన్‌ని పెంచి, కింద కొత్త లేయర్‌లో రంగు నింపాల్సి వచ్చేది, దాని మీద లెక్కలేనన్ని ట్యుటోరియల్స్ ఉన్నాయి. 3.0లో టెక్స్ట్ టూల్ ఆప్షన్స్‌లోనే అవుట్‌లైన్ ఉంది. పాతది చూసి చేస్తున్నవాళ్లు ఇప్పటికీ ఆరు అడుగులు వేస్తున్నారు, వాళ్లకి ఒక్క అడుగు చాలని చెప్పేవాళ్లు కావాలి. కాబట్టి వెర్షన్ రిలీజ్ నోట్స్ వచ్చిన రోజే తెచ్చుకుని, ప్రతి మార్పు పక్కన "దీనివల్ల ఏ పాత ట్యుటోరియల్ పాడైంది" అని రాసుకోండి. మీ పాతవి కూడా అందులో ఉంటాయి, ముందు వాటినే బాగుచేయండి, అదీ కొత్త పనే. మెనూల చోటు మారిందని ఎవరైనా అడిగితే, స్లాష్ కీ నొక్కి ఆ కమాండ్ పేరు టైప్ చేస్తే దొరుకుతుందని ప్రతి ట్యుటోరియల్ మొదట్లో ఒక వాక్యం పెట్టేయండి, వెర్షన్ నంబర్ కూడా పెట్టండి.

ఫొటోషాప్ నుంచి వచ్చేవాళ్లు ఇంకో పెద్ద వర్గం. వాళ్లకి పని తెలుసు, పేరు తెలుసు, ఇక్కడ అది ఎక్కడుందో తెలియదు. "కంటెంట్ అవేర్ ఫిల్ (తీసేసిన వస్తువు చోటుని చుట్టుపక్కల చిత్రంతో నింపేది) ఎక్కడ?" అని అడుగుతారు, దానికి రీసింథసైజర్ అనే ప్లగిన్ విడిగా వేసుకోవాలి. ఇక్కడ నిజాయితీ చాలా ముఖ్యం, జింప్‌లో లేనిది లేదని చెప్పండి, దగ్గరి దారి ఉంటే చూపించండి. అలాగే లోగో గీయాలంటే ఇంక్‌స్కేప్, బొమ్మలు వేయాలంటే క్రిత, కెమెరా నుంచి నేరుగా వచ్చే రా ఫొటోలకి డార్క్‌టేబుల్ మెరుగని చెప్పడం కూడా మంచి ట్యుటోరియలే, ముఖ్యంగా ఒకదాంట్లో మొదలుపెట్టి ఇంకోదాంట్లో పూర్తిచేసే పనులు. వాటి మీద రాసేవాళ్లు తక్కువ.

ఎక్కువమంది వెతికే మాటలు చూపించే సైట్ల గురించి కూడా అడిగారు. వాటితో టాపిక్ వెతకొద్దని నా సలహా, అందరూ అక్కడే చూసి అదే పది టాపిక్స్ చేస్తున్నారు. టాపిక్ దొరికాక, జనం దాన్ని ఏ మాటతో అంటున్నారో సరిచూసుకోవడానికి మాత్రం వాడండి.

ఇంకో మాట, టాపిక్ దొరికిందనిపించగానే రికార్డింగ్ మొదలుపెట్టకండి. ఎవరు ఆగిపోయారు, వాళ్లకి తెరమీద ఇప్పుడు ఏం కనబడుతోంది, పూర్తయ్యాక ఏం కనబడాలి, ఈ మూడూ ఒక కాగితం మీద రాయండి. మధ్యది రాయలేకపోతే అది ఇంకా టాపిక్ కాలేదు. "ఫొటో ఎడిటింగ్ మెళకువలు" అన్నదానికి మధ్యది ఎప్పటికీ రాయలేం. "జుట్టు కట్ చేస్తే చుట్టూ పాత బ్యాక్‌గ్రౌండ్ రంగు అంచులా మిగిలిపోతోంది" అన్నదానికి చదవగానే చిత్రం కళ్లముందుకి వస్తుంది.

మీ దగ్గర ఇప్పటికే పదిహేను ట్యుటోరియల్స్ ఉన్నాయి కదా, ముందు వాటితోనే మొదలుపెట్టండి. ఒక్కోటి తెరిచి, ప్రతి అడుగు దగ్గరా "ఇక్కడ ఇలా రాకపోతే?" అని అడుగుతూ, మీరు చెప్పినట్టు కాకుండా కావాలనే తప్పుగా చేసి చూడండి. తప్పు లేయర్ ఎంచుకోండి, సెలక్షన్ వదిలేయండి, గిఫ్ ఫైల్ తెరవండి. ఏం వస్తుందో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మొదటి మూడు ట్యుటోరియల్స్ అయ్యేసరికి మీ దగ్గర ఎన్ని పోగయ్యాయో ఇక్కడ రాయండి, వాటిలో ఏది ముందు చేస్తే బాగుంటుందో కలిసి చూద్దాం.